నీలం జాకెట్టుకు పచ్చ దారం

మధురానగర్, హైదరాబాద్
ఆదివారం సాయంత్రం

అక్కయ్యకు నీ చెల్లెలు రమణి నమస్కారాలు చేసి రాస్తున్న సంగతులు. మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం. ఈ వానలకి మీ మరిదికి కాస్త జలుబు చేసింది కానీ అల్లం కషాయం తాగించాక సర్దుకుంది. మండపేటలో నువ్వు, బావగారు, శిరీష అంతా కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? శిరీష స్కూల్లో టీచరుగా చేరాక ఇంటిపట్టున ఉంటోందా లేదా? అందరి గురించీ అడిగాను గానీ నీ కళ్ళ గురించి అడగలేదు చూశావా. అడిగితే ఏమంటావో నాకు తెలుసు. "నాకేమైందే, లక్షణంగా ఉన్నాయి" అంటావు. ఆ వెంటనే "ఇవాళ ఏం కూర వండావు" అని మాట మార్చేస్తావు. ఫోన్లో ప్రతిసారీ ఇదే వరస. అందుకే ఈసారి ఫోను పక్కన పడేసి కాగితం తీశాను. కాగితం మీద నా మాటకు అడ్డు రావడం నీ వల్ల కాదు.

అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేంటని నవ్వకు. నువ్వే చదువుకోవాలని స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. కళ్ళు లాగితే శిరీష చేత చదివించుకో. శిరీషా, చదివేది నువ్వే అయితే ఒక్క ముక్క కూడా దాటేయకు తల్లీ, తిట్లతో సహా చదువు.

ముందు సంతోషం సంగతి చెప్పేస్తాను, ఆగలేకపోతున్నాను. అక్కా, నేను బొమ్మ వేశాను! పెన్సిలుతో గీసే ముగ్గు బొమ్మ కాదు. కాన్వాసు గుడ్డ మీద ఆయిల్ రంగులతో, కుంచెతో, రంగులు కలిపే కత్తితో వేసిన అసలు సిసలు బొమ్మ. మన దేవుడి పటమంత ఉంటుంది, అంతే. రెండు వంకాయలు, ఒక నిమ్మకాయ, కింద ఒక గుడ్డ. ఆ గుడ్డ ఏంటో తెలుసా? నువ్వు కుట్టి పంపిన నీలం జాకెట్టు. కంగారు పడకు, ఎందుకు పరిచానో చెబుతాను.

మొదటినుంచి చెప్పాలంటే మా షాపు దగ్గర మొదలుపెట్టాలి. అమీర్‌పేట మ్యాచింగ్ సెంటర్లో చేరానని నీకు తెలుసు కదా. సందు మొదట్లో ఉంటుంది. అటూ ఇటూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు, హాస్టళ్ళు, పొద్దున్నే బ్యాగులు తగిలించుకుని పరుగెత్తే పిల్లలు. మధ్యలో మా షాపు, నేల నుంచి పైకప్పు దాకా థాన్లు. నా పని నీకు బాగా అర్థమయ్యే పనే. ఎవరో చీర తెస్తారు, దానికి సరిగ్గా సరిపోయే జాకెట్టు ముక్క, ఫాల్, లైనింగు తీసివ్వాలి. చేరిన రోజే మా ఓనరు యాదగిరి గారు ఒక పాఠం చెప్పారు. "చెల్లె, ట్యూబ్‌లైట్ కింద రంగు సూడకు, మోసపోతవ్. జర బయటికి తీస్కపోయి సూడు" అన్నారు. ఇక నేను చీర కొంగు, గుడ్డ ముక్క పట్టుకుని ఫుట్‌పాత్ మీదకు రావడం, ఆటోలవాళ్ళు హారన్లు కొడుతుంటే ఎండలో రెండూ పక్కపక్కన పెట్టి కళ్ళు సగం మూసి చూడటం. ఎక్కడ కలిశాయో తెలియనంతగా కలిసిపోతే అదే మ్యాచింగ్. ఆయన్ని నేను గారు అంటే నవ్వుతారు. "గారు గీరు ఎందుకు, అన్న అంటే సరిపోతది" అంటారు. నాకు నోరు తిరగదు.

వచ్చిన కొత్తలో నాకు ఎంత బెంగగా ఉండేదో నీకు పూర్తిగా చెప్పలేదు. మీ మరిది పంజాగుట్టలో మందుల ఏజెన్సీ లెక్కలు చూసుకుని వచ్చేసరికి చీకటి పడుతుంది. పక్క పోర్షన్లవాళ్ళు తలుపులు తీయరు. నాతో మాట్లాడేవి రంగులే. ఉల్లిపొర రంగు, రామా గ్రీను, గంధం, రాణి రంగు. వాటితో పడిపడి నా కన్ను ఎంత పదునెక్కిందంటే చీర చూడగానే థాను ఏ అరలో ఉందో చెయ్యి దానంతట అదే వెళ్ళిపోతుంది. ఈ కన్ను నాకు ఎవరిచ్చారనుకుంటున్నావు? చిన్నప్పుడు నీ మిషను పక్కన కూర్చుని దారం బంతులు అందించేదాన్ని కదా. ఒక్క పిసరు తేడా వస్తే "దారం కనిపించకూడదే, కనిపిస్తే అది కుట్టు కాదు" అని నెత్తిన మొట్టేదానివి. ఇప్పుడు ఆ మొట్టికాయలతోనే అన్నం తింటున్నాను.

ఇలా ఉండగా ఒకరోజు నస్రీన్ మేడం అని ఒకావిడ షాపుకొచ్చారు. తెల్ల జుట్టు, చేతి గోళ్ళ నిండా రంగు. స్కూల్లో డ్రాయింగ్ నేర్పి రిటైరయ్యారట, ఇప్పుడు పంజాగుట్టలో తన ఫ్లాటు ముందుగదిలో ఆదివారాలు పెద్దవాళ్ళకి బొమ్మలు వేయడం నేర్పుతారట. ఒక ఊదా రంగు గుడ్డ చూపించి ఇంకో ముక్క కావాలన్నారు. నేను అలవాటుగా అదే ఊదాలో మూడు రకాలు తీసి పరిచాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"మ్యాచింగ్ నక్కో అమ్మా. దీంతోని కొట్లాడే రంగు ఇయ్యి."

కొట్లాడే రంగేంటక్కా! ఎవరైనా అలా అడుగుతారా? యాదగిరి గారు నోరెళ్ళబెట్టారు. నేనేమో ఏం తోచక ఆవాల పసుపు రంగు ముక్క తీసి పక్కన పెట్టాను. అంతే, ఊదా రంగు ఒక్కసారి నిద్రలేచి కూర్చున్నట్టయింది. ఆవిడ నా వంక చూసి "ఐతారం పొద్దున రా, నీ కన్ను మస్తున్నది" అన్నారు. ఆదివారం మా షాపు మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు. వెళ్ళనా అని మీ మరిదిని అడిగితే "ఇంట్లో కూర్చుని మీ అక్కను తలుచుకుని ఏడ్చే బదులు వెళ్ళు" అన్నారు. వెళ్ళాను.

మొదటి ఆదివారం ఏం చేశానో వింటే కడుపుబ్బా నవ్వుతావు. బల్ల మీద తెల్లగుడ్డ వేసి వంకాయలు, నిమ్మకాయ పెట్టారు. ఎదురుగా కూర్చుని వేయాలి. ట్యూబుల్లోంచి రంగులు పిండి, అవిసె నూనెతో కలిపి కలిపి నిమ్మకాయ పసుపు తెచ్చాను. సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? షాపులో ఎలా తెలుసుకుంటానో అలాగే. లేచి వెళ్ళి కత్తి అంచున ఉన్న రంగును నిమ్మకాయకు ఆనించి చూశాను. కాస్త తేడా ఉంది. మళ్ళీ కలిపి మళ్ళీ ఆనించాను. వంకాయకూ అంతే. తల ఎత్తి చూసేసరికి క్లాసంతా కుంచెలు ఆపి నన్నే చూస్తున్నారు.

"నిమ్మకాయకే రంగు పూస్తున్నవేంది రమణమ్మా!" అన్నారు మేడం.

నిజంగానే నిమ్మకాయ సగం, వంకాయల ముచికలు, అంతా నా రంగే. వాటిని చూస్తూ బొమ్మ సగం దాకా వేసినవాళ్ళు ఏం చేయాలి పాపం! అందరూ పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే నాకు ఈ ఊరు మొదటిసారి కాస్త దగ్గరగా అనిపించింది. వంకాయలు మాత్రం పారేయాల్సి వచ్చింది. గుత్తివంకాయకు సరిపోయే లేతవి, ప్రాణం ఉసూరుమంది.

బొమ్మ మాత్రం అచ్చుగుద్దినట్టు వచ్చింది. వంకాయ వంకాయలాగే ఉంది, నిమ్మకాయ నిమ్మకాయలాగే ఉంది. మెచ్చుకుంటారని నిలబడ్డాను. మేడం చాలాసేపు చూసి ఇలా అన్నారు.

"ఒక్క రంగు సుత తప్పు లేదు. కానీ వంకాయ సూడాల్నంటే బుట్టల సూస్త. నీ బొమ్మ ఎందుకు సూడాలె? గా వంకాయ సూస్తే నీకేమనిపించింది?"

నాకు రోషం వచ్చింది. "వంకాయ చూస్తే ఏమనిపిస్తుందండీ, కూర వండాలనిపిస్తుంది" అన్నాను.

"మరి గా ఆకలి ఏది బొమ్మల?"

ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చాను. మీ మరిది బొమ్మను అటూ ఇటూ తిప్పి "వంకాయ వంకాయలా ఉంటే ఆవిడకొచ్చిన కష్టమేంటి" అన్నారు. నాకూ అదే అనిపించింది. జన్మంతా రంగు కలవాలనే నేర్చుకున్నాను, ఇప్పుడు కలవకూడదంటే ఎలా? ఇక మానేద్దామనుకున్నాను కూడా.

ఆ వారంలోనే బల్కంపేట ఎల్లమ్మ బోనాలు. మా షాపులో ఊపిరాడలేదంటే నమ్ము. పసుపు చీరకు ఆకుపచ్చ జాకెట్టు, ఎర్ర చీరకు పసుపు జాకెట్టు, అడిగేవన్నీ అలాంటివే. మా ఇంటి ఓనరమ్మ పసుపు పూసిన కుండకు వేపాకులు కట్టి నెత్తిన పెట్టుకుని బయల్దేరితే గుమ్మంలో నిలబడి చూశాను. ఆ పసుపు మీద ఆ పచ్చ. ఏదీ దేనితోనూ కలవలేదు, కానీ కళ్ళు తిప్పుకోలేకపోయాను.

సరిగ్గా అప్పుడే నువ్వు పంపిన పార్శిలు వచ్చింది. అప్పడాలు అన్నీ విరగకుండా వచ్చాయి, మాగాయ సీసా కారలేదు. అడుగున నా జాకెట్టు. నెమలికంఠం నీలం, నాకెంతో ఇష్టమైన గుడ్డ. విప్పి చూస్తే మెడ చుట్టూ, చేతుల అంచుల్లో చేతికుట్టు అంతా ఆకుపచ్చ దారంతో ఉంది. పొడవునా, ఎక్కడా తప్పిపోకుండా, చిన్న చిన్న కుట్లు, నీ చెయ్యే. రంగు మాత్రం పచ్చ. మొదట నవ్వొచ్చింది. కనిపించకూడని దారం కిటికీ అవతలి నుంచి కూడా కనిపిస్తోంది. కొత్త ఫ్యాషనేమో, మండపేటలో ఎవరో అడిగి కుట్టించుకుని ఉంటారు, నాకూ అలాగే కుట్టిందిలే అనుకున్నాను. వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాను. ఆ పచ్చ గీత పక్కన నీలం ఎంత నీలంగా ఉందో! గీత పరుగెడుతున్నట్టుంది. ఇంతకాలం మ్యాచింగ్ చేసి చేసి రెండు రంగులనీ నిద్రపుచ్చుతున్నానేమో అనిపించింది.

తర్వాతి ఆదివారం ఆ జాకెట్టునే సంచిలో పెట్టుకుని వెళ్ళాను. తెల్లగుడ్డ తీసేసి అదే పరిచి, దాని మీద వంకాయలు పెట్టాను. ఆ రోజు ఏం పూనిందో నాకే తెలియదక్కా. వంకాయ నున్నటి వీపు మీద వెలుగు పడేచోట తెలుపు వేయాలి కదా, రాణి రంగు వేశాను. దాని అంచున నీ దారపు పచ్చ గీశాను. నువ్వు అల్లం పచ్చిమిర్చి నూరి వండే కూర గుర్తొచ్చింది, మూత తీస్తే వచ్చే ఆ ఘాటు. వెంటనే వెనకాల గోడంతా మిరపపండు ఎరుపు పూసేశాను, ఉన్న గోడ గచ్చు రంగయితే అయింది. నిమ్మకాయ నీడ బూడిద రంగు కాదు, ఊదా. కుంచె పడేసి కత్తితో రంగు ముద్దలు ముద్దలుగా వేశాను, వెన్న రాసినట్టు. ఆయిల్ రంగులో ఉన్న సుఖం ఏంటంటే తొందరగా ఆరదు. తప్పనిపిస్తే గీకేసి మళ్ళీ వేసుకోవచ్చు. మూడుసార్లు గీకి మళ్ళీ వేశాను. అలాంటి సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు, మీ మరిదితో అనకు.

మేడం వచ్చి వెనకాల నిలబడ్డారు. భయమేసింది. నా భుజం మీద చెయ్యి వేసి "ఇప్పుడు ఆకలైతుంది" అన్నారు. వచ్చే నెల ఆ ముందుగదిలోనే అందరి బొమ్మలూ గోడకు పెట్టి తెలిసినవాళ్ళను పిలుస్తారట, నాది తలుపుకు ఎదురుగా పెడతానన్నారు. షాపులో యాదగిరి గారికి ఫోన్లో ఫొటో చూపిస్తే తల గోక్కుని "చెల్లె, గిది ఏడ మ్యాచ్ గాలే. కానీ మస్తున్నది" అన్నారు. ఇంట్లో బీరువా మీద ఆరబెడితే మీ మరిది తువ్వాలు తీసుకోబోయి తెల్ల చొక్కాకు పచ్చ మరక చేసుకున్నారు. ఉతికినా పోలేదు, అదే తొడుక్కుని ఆఫీసుకు వెళ్తున్నారు.

ఇక అసలు సంగతి. ఆ రోజు పొగరుతో మేడంకు అంతా చెప్పాను. ఈ పచ్చ నాది కాదండీ, మా అక్క కుట్టు, ఊళ్ళో ఏదో ఫ్యాషను మొదలుపెట్టినట్టుంది అన్నాను. ఆవిడ జాకెట్టు చేతిలోకి తీసుకుని ఆ కుట్లు వేలితో తడిమారు. నవ్వు ఆపేశారు.

"మీ అక్కకు ఏజ్ ఎంత? ఆమెకు గిది నీలం అనే కనబడ్డదేమో, ఒకసారి అడుగు."

ఇంటికొచ్చి నీకు ఫోన్ చేశాను, గుర్తుందా? ఏ దారంతో కుట్టావక్కా అని మామూలుగానే అడిగాను. "నీలం దారమేనే, గుడ్డలో కలిసిపోయింది కదా, చూసుకోలేదా" అన్నావు. ఎంత గర్వంగా అన్నావో. చెప్పలేక మాగాయ బాగుందని ఏదో అన్నాను. ఈసారి మాట మార్చింది నేను.

అక్కా, అది నీలం దారం కాదు. ఆకుపచ్చ. చిలక రెక్కంత పచ్చ. నీ చెయ్యి ఎక్కడా తప్పలేదు, నీ కన్ను తప్పింది. తెలిసినవాళ్ళ జాకెట్లే కుడుతున్నానని శిరీషతో అన్నావట. ఎందుకో ఇప్పుడర్థమైంది. మిషను మూలన పెట్టేయాల్సి వస్తుందేమోనని లోపల్లోపల కుమిలిపోతూ పైకి లక్షణంగా ఉన్నానంటున్నావు. ఎదురింటి పిన్నిగారు ఎవరికో శుక్లాల ఆపరేషన్ చేస్తే కన్నే పోయిందని చెప్పిందట, అది పట్టుకు కూర్చున్నావు. ఆవిడ మాట విని నీ కన్ను నువ్వే పోగొట్టుకుంటావా?

నస్రీన్ మేడం నాతో అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తాను. "నాకు సుత గట్లనే అయింది. తెల్ల గోడ మీద చాయ్ ఒలికినట్టు కనబడేది. రంగులు నేర్పేదాన్ని, నాకే తెల్వలే. ఆపరేషన్ చేసినంక పట్టీ తీసిన్రు, బాత్రూంల నీలం బకెట్ సూసి ఏడ్చిన. గింత నీలం ఉంటదా దునియాల అని." అక్కా, ప్లాస్టిక్ బకెట్ చూసి ఏడ్చారట ఆవిడ! నీకు ఆ నీలం మళ్ళీ కనిపించాలి. నాకు వేరే కోరిక లేదు.

ఆషాఢం అమ్మకాలు అయిపోగానే యాదగిరి గారు సెలవిస్తానన్నారు. నేనే వచ్చి నిన్ను కాకినాడ తీసుకెళ్తాను. కాదు, ఇక్కడికే వస్తానంటే ఇక్కడే చూపిస్తాను. కంటి డాక్టరు గదిలో నీ పక్కనే కూర్చుంటాను, నీ చెయ్యి వదలను. బావగారూ, ఈ ఒక్క విషయంలో మీరు నా పక్షం ఉండాలి, దయచేసి అక్కను మాట మార్చనివ్వకండి. శిరీషా, అమ్మ ఊఁ అన్న క్షణాన నాకు ఫోన్ చెయ్యి.

చిన్న కోరిక, మళ్ళీ ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చింతకాయ పచ్చడి పంపండి, ఇక్కడ అమ్మేదాంట్లో ఉప్పు తప్ప ఏమీ లేదు. మీ మరిది మీ ఇద్దరికీ నమస్కారాలు చెప్పమన్నారు. పెద్దవాళ్ళందరినీ అడిగానని చెప్పు. వచ్చే నెల నా బొమ్మ గోడకెక్కుతుంది, మీ ఇద్దరి ఆశీస్సులూ కావాలి.

ఆ జాకెట్టు నేను తొడుక్కోలేదు, దారం విప్పలేదు. బొమ్మ ఫొటో కూడా నీకు పంపను, ఏ రంగు ఎక్కడుందో ఫోన్లో చెప్పను. నువ్వు కొత్త కన్నుతో వచ్చి దాని ముందు నిలబడాలి. అప్పుడు ఆ జాకెట్టు నీ చేతికిస్తాను. నువ్వు దాన్ని మా షాపు ముందు ఫుట్‌పాత్ మీదకు తీసుకొచ్చి, ఎండలో పట్టుకుని చూసి, నా నెత్తిన ఒక్కటి మొట్టి, "నీలం జాకెట్టుకు పచ్చ దారమేంటే, కుట్టినదానికి కళ్ళు లేవా?" అని నడిరోడ్డు మీద అరవాలి. ఆ తిట్టు కోసం ఎదురుచూస్తూ ఉంటాను.

నీ చెల్లెలు,
రమణి